కనుమ నాటికి ఇంట్లో బీరు: బొబ్బిలి పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నేను బొబ్బిలిలో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నాను. నిరుడు మెల్‌బోర్న్‌లో మా అక్కా బావల ఇంటికి వెళ్లినప్పుడు, బావ తన గ్యారేజీలో సొంతంగా బీరు తయారుచేసుకోవడం చూశాను. అప్పటి నుంచి నాకు ఆ పని మీదే మనసుంది. సంక్రాంతికి చుట్టాలందరూ వస్తారు కాబట్టి కనుమ నాటికి ఇరవై సీసాలైనా సిద్ధం చేయాలనుకుంటున్నాను. బార్లీ దొరకకపోతే బియ్యంతోనో చోళ్లతోనో (రాగులతోనో) చేయవచ్చా? బేకరీ వాళ్లు వాడే ఈస్ట్ సరిపోతుందా? అమ్మేది లేదు, ఇంట్లో వాళ్లం తాగడానికే. మా అమ్మ మాత్రం 'ఇంట్లో సారా కాస్తావా, కళ్లు పోతాయిరా' అని భయపడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం: మీరు అడిగిన వాటికంటే ముందుగా, అడగని ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తోంది. మీ బావగారు గ్యారేజీలో చేసే పని అక్కడ ఎవరికీ అభ్యంతరం లేని వ్యాపకం. అదే పని బొబ్బిలిలో చేస్తే నేరం. మన రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో ఉంచింది కాబట్టి ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. మనకు వర్తించే ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడాన్నే కాదు, తయారుచేసే ఉద్దేశంతో సరకునూ పాత్రలనూ దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఆ చట్టం నేరంగానే చూస్తుంది; శిక్షల్లో జైలు కూడా ఉంది. అమ్మడానికి కాదు, ఇంట్లో వాళ్లకే అన్న మీ మాట నేను నమ్ముతాను గాని, చట్టం ఆ తేడాను పాటించదు. వారానికోసారైనా జిల్లా పేజీల్లో మనం చదివే 'బెల్లం ఊట ధ్వంసం' వార్తలోని ఊటకూ, మీరు మూలగదిలో మూతపెట్టి ఉంచబోయే బార్లీ ఊటకూ తనిఖీకి వచ్చిన అధికారి దృష్టిలో పెద్ద భేదం ఉండదు.

బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర లేకుండా చేశారు. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో, ఇంటి అవసరానికి పరిమితమైన కొలతలో బీరు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం వైపు నుంచి అడ్డు తొలగింది. మన దగ్గర కూడా అటువంటి వెసులుబాటు ఒకటి ఉంటే తప్పేమీ లేదన్నది నా సొంత అభిప్రాయం. అయితే అది ఇంకా రాలేదు. అది వచ్చేదాకా, కనుమ నాటికి ఇరవై సీసాలు ఎలా నింపాలో కొలతలతో సహా మీకు రాసి పంపడం నాకు సబబుగా తోచడం లేదు. అలాగని ఉత్తరాన్ని ఇక్కడితో ముగించను. మీకు నచ్చింది మత్తు కాదని, గింజ పానీయంగా మారే ఆ పని అని మీ రాతను బట్టి నాకు అర్థమవుతోంది. ఆ పనిలో ముప్పాతిక వంతును బొబ్బిలిలోని మీ వంటింట్లోనే, ఏ చట్టానికీ ఎదురు వెళ్లకుండా, నేర్చుకోవచ్చు.

ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. నాటుసారా తాగి కళ్లు పోయినవాళ్ల గురించి, ప్రాణాలు పోయినవాళ్ల గురించి ఆవిడ తరం వాళ్లు విననిది కాదు. ఆ ఘోరాలకు ప్రధాన కారణం మిథైల్ ఆల్కహాల్ అనే వేరొక పదార్థం. పరిశ్రమల్లో వాడే ఆ స్పిరిట్‌ను చవకగా వస్తుందని సారాలో కలపడం వల్ల అవి జరుగుతాయి. బీరును బట్టీ పెట్టరు, ఆవిరి పట్టరు. గింజల ఊట పులిసి అలాగే ఆగిపోతుంది. గింజల ఊటలో మిథైల్ ఆల్కహాల్ లెక్కలోకి రానంత తక్కువ. అందువల్ల ఇంటి బీరుతో కళ్లు పోతాయన్నది సరైన మాట కాదని మీరు ఆవిడకు నెమ్మదిగా చెప్పవచ్చు. కాని ఇంటి బీరులో అసలైన ప్రమాదం మరొకటుంది: సీసాలు పేలడం. దాని గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ అనుభవం నాకు ఉంది.

ఇక అసలు విషయం. మన తాటికల్లుకూ బీరుకూ మూలంలోనే ఒక తేడా ఉంది. తాటిచెట్టు గెల నుంచి కారే నీరు పుట్టుకతోనే తియ్యన. అందులో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్ట్ తగిలీతగలగానే పులవడం మొదలవుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఎందుకంత ఘాటెక్కుతుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కుండ లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగి నీరాగా నిలుస్తుంది. గింజ అలా కాదు. గింజలో ఉన్నది పిండిపదార్థం. ఈస్ట్ దాన్ని ముట్టుకోలేదు. ముందు ఎవరో ఆ పిండిని చక్కెరగా విరగ్గొట్టి పెట్టాలి. ఆ పని చేసేది గింజే. మొలకెత్తడానికి సిద్ధమైన గింజ తన లోపల దాచుకున్న పిండిని మొలకకు ఆహారంగా మార్చుకోవడానికి కొన్ని ఎంజైములను తయారుచేసుకుంటుంది. సరిగ్గా ఆ సమయానికి మొలకను ఆరబెట్టి ఆపేస్తే, ఎంజైములు అలాగే నిలిచిన గింజ మనకు దక్కుతుంది. దాన్నే మాల్ట్ అంటారు. బీరు తయారీ మొదలయ్యేది ఈస్ట్‌తో కాదు, ఈ మొలకతోనే.

బియ్యంతో చేయవచ్చా అన్న మీ ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో మొలకెత్తే భాగమే లేదు, ఎంజైములు లేవు. ఉన్నది ఒట్టి పిండి. మన దేశంలో అమ్మే అనేక లాగర్ (చల్లగా పులవబెట్టే రకం) బీర్లలో బియ్యం వాడతారు గాని, బార్లీ మాల్ట్‌లోని ఎంజైములే ఆ బియ్యపు పిండిని కూడా విరగ్గొడతాయి. ఒంటరి బియ్యంతో ఏమీ జరగదు.

చోళ్ల సంగతి వేరు. చోడి చక్కగా మొలకెత్తుతుంది, ఎంజైములూ ఉంటాయి. నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా అనే పానీయాన్ని ఈ గింజతోనే చేస్తారు. పులిసిన గింజల మీద వేడినీళ్లు పోసి వెదురు గొట్టంతో పీలుస్తారు. తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడా చోడి బీర్లు ఉన్నాయి. అయితే బార్లీ గింజకు ఉండే పొట్టు చోడికి లేదు. బార్లీని మరపట్టి వేడినీళ్లలో నానబెట్టి ఊట దించుకునేటప్పుడు ఆ పొట్టే అడుగున పరచుకుని జల్లెడలా పనిచేస్తుంది. చోడితో ఆ పని చేస్తే అంతా ముద్దగా పూడుకుపోయి ఊట దిగదు. చోడి పానీయాలు ఎక్కువగా తేటగా కాక, మన అంబలిలా మబ్బుగా ఉండటానికి ఇదొక కారణం. బార్లీ చలిదేశపు పంట. మన దేశంలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల యాసంగిలో పండుతుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పువ్వు హిమాచల్‌లోని లాహుల్ లోయలో పండుతుంది. ఈ రెండింటిలో ఏదీ మన సంతలో దొరికేది కాదు, కాబట్టి మీ చేతిలో ఉన్న చోళ్లతోనే చదువు ప్రారంభించమని నా సలహా.

చేయవలసింది ఇది. అరకిలో చోళ్లను రాళ్లు లేకుండా గాలించి, ఒక రాత్రంతా నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. తెల్లవారి వడకట్టి తడి నూలుగుడ్డలో పలచగా పరిచి కప్పండి. పూటకొకసారి నీళ్లు చిలకరించండి. మన వేడికి రెండు రోజుల్లో గింజ పొడవుకు రెండింతల తెల్లని మొలక వస్తుంది. పుల్లని వాసన గాని, బూజు గాని కనిపిస్తే ఆ విడత పారబోయడమే మంచిది. మొలకలను ముందు నీడన, తరవాత ఎండలో గలగలమనే దాకా ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగితే ఎండిన మొలకలు ఊడి ఎగిరిపోతాయి. ఇక్కడ మన ఇళ్లలో అందరూ చేసే ఒక మంచి పని మీరు చేయకూడదు: మూకుడులో వేయించకండి. వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది, నిజమే, కాని ఎంజైములు వేడికి చచ్చిపోతాయి. వేయించిన మాల్ట్ పిండి పిల్లల జావకు బాగుంటుంది గాని ఈ ప్రయోగానికి పనికిరాదు.

ఇప్పుడు మామూలు చోడిపిండి నూరు గ్రాములను అరలీటరుకు పైగా నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, గరిటె నిలబడేంత చిక్కగా ఉడికించండి. దాన్ని రెండు గిన్నెల్లో సగం సగం పోయండి. వంటింటి థర్మామీటరు పెట్టి, వేడి 65 డిగ్రీల సెల్సియస్‌కు దిగేదాకా ఆగండి. ఒక గిన్నెలో మొలకల పిండి రెండు చెంచాలు, రెండో గిన్నెలో మొలకెత్తని పిండి రెండు చెంచాలు వేసి కలిపి మూతపెట్టండి. పదిహేను నిమిషాల తరవాత మూత తీసి గరిటె ఎత్తితే మీకే తెలుస్తుంది: రెండో గిన్నెలోది గరిటెను పట్టుకుని ముద్దగా వేలాడుతుంటుంది, మొదటి గిన్నెలోది మజ్జిగలా ధారగా జారిపోతుంది. నీళ్లు ఒక్క చుక్క చేర్చలేదు. పిండి గొలుసులు తెగిపోయాయి, అంతే. ఇంకో గంట అదే వేడిలో ఉంచి నాలుక మీద వేసుకుంటే, బెల్లం వేయకుండానే లేత తీపి తగులుతుంది. ఒక చెంచాడు విడిగా చిన్న పళ్లెంలో తీసి చల్లార్చి, టించర్ అయోడిన్ చుక్క వేసి చూడండి. పిండి ఇంకా మిగిలి ఉంటే నల్లని నీలిరంగు వస్తుంది, చక్కెరగా మారిన కొద్దీ ఆ నలుపు తగ్గుతుంది. ఆ పళ్లెంలోది పారబోయండి, నోట పెట్టకండి. గిన్నెలోదాన్ని మరోసారి పొంగు రానిచ్చి పాలు పోసుకుని నిస్సందేహంగా తాగవచ్చు.

మీ బావగారు పెద్ద గుండిగలో బార్లీ నూక వేసి, థర్మామీటరు పట్టుకుని గంటసేపు కాపలా కాసింది ఈ మార్పు కోసమే. ఆయన 65, 67 డిగ్రీల మధ్య ఎందుకంత పట్టుదలగా నిలిపారో ఇప్పుడు మీకు బోధపడుతుంది. ఆ ఎంజైములు రెండు రకాలు. వేడి 60 డిగ్రీలకు చేరువగా ఉంటే ఒక రకం చురుగ్గా పనిచేసి ఈస్ట్ తినగలిగిన చక్కెరలను ఎక్కువగా తయారుచేస్తుంది. బీరు పలచగా, ఘాటుగా వస్తుంది. వేడి 70 డిగ్రీల వైపు పోతే రెండో రకానిది పైచేయి అయి, ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలు మిగులుతాయి. బీరు చిక్కగా వస్తుంది. 80 దాటితే రెండూ పోతాయి. నాలుగైదు డిగ్రీల తేడాతో రుచి మారిపోయే పని ఇది. చోడి గిన్నెతో ఈ తేడాను పది రూపాయల ఖర్చులో, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. మొదటిసారి బీరు చేసేవాళ్లలో చాలామంది ఈ దశను కొనుక్కొచ్చిన మాల్ట్ పాకంతో దాటేసి, తమ పానీయం ఎందుకు అలా వచ్చిందో తెలియకుండానే పదేళ్లు గడిపేస్తారు.

బేకరీ ఈస్ట్ గురించి అడిగారు. బేకరీలో వాడేదీ, కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకం బీరులో వాడేదీ జాతి రీత్యా ఒకటే, పెంపకం వేరు. రొట్టెల ఈస్ట్‌ను గాలి బుడగల కోసం ఎంచి పెంచారు, బీరు ఈస్ట్‌ను రుచి కోసం, పని అయ్యాక మడ్డిగా అడుగున సద్దుమణిగే గుణం కోసం ఎంచారు. బేకరీ ఈస్ట్‌తో చేసిన బీరు తాగదగినదే గాని మబ్బుగా, రొట్టె వాసనతో ఉంటుంది. ఈస్ట్ కంటే ముఖ్యమైనది వేడి. లాగర్ రకాలు 10 డిగ్రీల చేరువలో, ఏల్ రకాలు 20 డిగ్రీల చేరువలో పులవాలి. బొబ్బిలిలో సంక్రాంతి చలిలో కూడా మధ్యాహ్నం గదిలో ఆ 20 నిలవదు. పైగా పులిసే ఊట తనంతట తాను నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే ఈస్ట్ తొందరపడి, ఘాటు ఆల్కహాళ్లను, పెయింటు వాసననూ పుట్టిస్తుంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ మాత్రం 35 డిగ్రీల్లో కూడా శుభ్రమైన రుచి ఇస్తుంది. చలిదేశం వాళ్ల ఈస్ట్ మన వేసవికి సరిపోవడం నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

శుభ్రత గురించి ఎంత రాసినా తక్కువే అయినా, ఇందులో రహస్యమేమీ లేదు. మరిగించి చల్లార్చిన తీపి ఊట ఈస్ట్‌కు ఎంత ఇష్టమో, ఊటను పుల్లగా మార్చే ఇతర సూక్ష్మజీవులకూ అంతే ఇష్టం. అన్నం, గంజి పులవబెట్టుకునే తరవాణి కుండలో ఆ పులుపు మనకు కావాలి కాబట్టి పాత తరవాణిని కొంచెం మిగిల్చి కుండను ఎప్పుడూ ఖాళీ కానిచ్చేవాళ్లు కారు. ఇక్కడ కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఊట మరిగి దిగిన తరవాత దాన్ని తాకే ప్రతి గరిటె, గుడ్డ, గొట్టం, మూత మరిగే నీళ్లలో మునిగి లేచి ఉండాలి. పెరుగు తోడుపెట్టే గిన్నె, ఇడ్లీపిండి డబ్బా ఈ పనికి వాడకూడదు. ప్లాస్టిక్ డబ్బాను పీచుతో తోమితే పడే సన్నని గీతల్లో మురికి దాక్కుంటుంది, అందుకని మెత్తని గుడ్డతోనే కడగాలి. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన ఉంటే మరిగించి రాత్రంతా తెరిచి ఉంచండి. లేకపోతే క్లోరిన్ ఊటలోని పదార్థాలతో కలిసి ఆస్పత్రి వాసన వేస్తుంది.

మీ బావగారి బల్ల మీద గాజు గొట్టంలో తేలుతూ కనిపించిన పరికరం హైడ్రోమీటరు. దాని చెల్లెలు మీ ఊరి పాలకేంద్రంలో ఉంది. పాలలో నీళ్లు కలిశాయేమో చూడటానికి వేసే లాక్టోమీటరు కూడా ద్రవం చిక్కదనాన్ని తేలిన ఎత్తును బట్టి చెప్పేదే. మంచి పాలలో అది 28, 32 మధ్య నిలుస్తుంది. నూరు గ్రాముల పంచదారను నీళ్లలో కరిగించి మొత్తం లీటరు చేసి అదే లాక్టోమీటరు వేస్తే 38కి చేరువలో నిలుస్తుంది. బీరు ఊటలో చక్కెర ఉన్నంతసేపు పరికరం పైకి తేలుతుంది, ఈస్ట్ దాన్ని తినేకొద్దీ కిందికి మునుగుతుంది. ఒట్టి నీళ్లలో 1.000 చూపే హైడ్రోమీటరులో మొదటి అంకె 1.050, చివరి అంకె 1.010 అయితే ఆల్కహాలు 5 శాతం దాటిందని లెక్క. ఆ అంకె వరసగా రెండు మూడు రోజులు కదలకుండా నిలిచాకే సీసాల్లో పోయాలి. తొందరపడి ముందే మూతలు బిగించిన వాళ్ల సీసాలే పేలతాయి.

నా సీసా పేలడం బీరుతో కాదు, అల్లం సోడాతో. చాలా ఏళ్ల కిందటి మాట. అనకాపల్లి బెల్లం మీద ప్రేమకొద్దీ లీటరుకు నూరు గ్రాములు వేసి, అల్లం రసం, నిమ్మరసం కలిపి, ఈస్ట్ చిటికెడు జల్లి, అందంగా ఉన్నాయి కదా అని గాజు సీసాల్లో పోసి బిరడాలు బిగించి వంటింటి గట్టు మీద పెట్టాను. ఏప్రిల్ నెల. రెండో రోజు మధ్యాహ్నం అందరం ముందుగదిలో ఉండగా టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే గాజు పెంకులు గోడకున్న క్యాలెండరులోకి దిగి ఉన్నాయి, బియ్యం డబ్బాలో కూడా పడ్డాయి. ఆ డబ్బాడు బియ్యం అలాగే పారబోశాం. గట్టు దగ్గర ఆ సమయంలో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. తరవాత కూర్చుని లెక్క వేశాను: లీటరులో ప్రతి 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక లీటరు వాయువు పుడుతుంది. అంటే నేను ఒక లీటరు సీసాలో పాతిక లీటర్ల వాయువుకు సరిపడా తీపిని పోసి మూత బిగించాను.

ఆ లెక్కే ఇప్పుడు మీకు పనికొస్తుంది. సీసాలో ఉన్న చక్కెర ఎంతో తెలిస్తే, వాయువు ఎంత పుట్టగలదో, ఆల్కహాలు ఎంత దాటలేదో రెండూ ముందే తెలుస్తాయి. లీటరుకు 6 గ్రాముల చక్కెర మాత్రమే ఉంటే, అది మొత్తం పులిసినా తేలికపాటి పొంగే వస్తుంది, సీసా పేలదు, ఆల్కహాలు అర శాతానికి లోపే ఉంటుంది. మన దేశపు ఆహార ప్రమాణాల్లో మద్య పానీయం అన్న మాట మొదలయ్యేది ఆ అర శాతం దాటాకే. తీపి తక్కువైందనిపిస్తుంది కదా? తీపిని సీసాలో కాక గ్లాసులో కలుపుకోవాలి. నా అనుభవంలో అల్లం సోడాకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

అల్లం బీరు ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇళ్లలో చేసుకున్న పానీయం. అందులో వాడే తోడు ఏమిటో 1892లో హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు విడదీసి చూపించాడు: ఒక ఈస్ట్, ఒక బాక్టీరియా కలిసి బతికే గుంపు అది. మనం తోడును ఎక్కడి నుంచో తెప్పించుకోనక్కరలేదు. అల్లం తొక్క మీదే ఈస్ట్ ఉంటుంది. మరిగించి చల్లార్చిన గ్లాసుడు నీళ్లలో, మట్టి పోయేలా కడిగి తొక్కతో తురిమిన అల్లం ఒక చెంచా, పంచదార ఒక చెంచా వేసి, పలచని గుడ్డ కట్టి నీడన పెట్టండి. రోజూ అదే కొలతలో అల్లం, పంచదార చేర్చి కలపండి. మన వేడికి మూడు నాలుగు రోజుల్లో, కలిపినప్పుడు బుసబుసమని నురగ లేస్తుంది, కొత్త అల్లం వాసనకు తోడు కొద్దిగా ఈస్ట్ వాసన వస్తుంది. పైన రంగుల బూజు కనిపిస్తే మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే.

తోడు సిద్ధమయ్యాక, ప్రతి లీటరు నీళ్లకు అల్లం 70 గ్రాముల చొప్పున దంచి పావుగంట మరిగించి, మూతపెట్టి చల్లార్చి, వడకట్టి, రెండు నిమ్మకాయల రసం పిండి, త్రాసులో తూచిన 6 గ్రాముల పంచదార కలపండి. చెంచా కొలత నమ్మకండి. ఒకరి చెంచా 4 గ్రాములైతే ఇంకొకరి గుండ్రటి చెంచా 8 అవుతుంది. నీళ్లు గోరువెచ్చన కూడా కానంత చల్లబడ్డాక, లీటరుకు పెద్ద చెంచాడు తోడు నీళ్లు వడకట్టి పోసి, కూల్‌డ్రింక్ వచ్చే ప్లాస్టిక్ సీసాల్లో మూడు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించండి. గాజు వద్దు. మన గోలీసోడా సీసా గట్టిదే కదా అనుకోవచ్చు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న ఆ సీసాను కొలిచి నింపిన వాయువు కోసం తయారుచేశారు, లోపల తనంతట తానే పుట్టుకొచ్చే వాయువు కోసం కాదు. పైగా ఆ మెడలోని గోలీ వెనక మురికి కడగడం ఎవరి తరమూ కాదు. ప్లాస్టిక్ సీసాలో ఇంకో సుగుణం, అది మాట్లాడుతుంది: మొదట వేలితో నొక్కితే లోపలికి పోయేది, ఒకటి రెండు రోజుల్లో రాయిలా బిగుసుకుంటుంది. అలా బిగుసుకోగానే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. బీరు సీసాల్లో నురగ పుట్టించే పని కూడా ఇదే, కొలత కూడా దాదాపు ఇంతే; ఈ సోడా మూడు విడతలు సరిగ్గా వచ్చిందంటే మీ చేతికి ఆ దశ వచ్చేసినట్టే. అర శాతం లోపు కూడా వద్దనుకునే నియమం ఉన్నవాళ్లు, గర్భిణులు ఇంట్లో ఉంటే వాళ్లకు ముందే చెప్పి వేరే షర్బత్ ఇవ్వండి.

మళ్లీ మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు బావగారి దగ్గర ఒక పూర్తి విడత మీ చేతులతో చేసి చూడండి. ఈసారి ఆయన ఏం చేస్తున్నారో కాక, ఎందుకు చేస్తున్నారో అడగగలుగుతారు. అక్కడ మొదటి విడతకు లాగర్ జోలికి పోకుండా ఏల్ ఎంచుకోండి, ఇరవై లీటర్లకు బదులు ఐదు లీటర్లతో సరిపెట్టుకోండి.

కనుమ సంగతికి వస్తే, పండక్కి పది రోజుల ముందు తోడు మొదలుపెట్టి, భోగికి రెండు రోజుల ముందు సీసాలు నింపితే కాలం సరిపోతుంది. ఫ్రిజ్‌లో కనీసం ఒక రాత్రి ఉన్న సీసానే తెరవండి. వెచ్చగా ఉన్నది తెరిస్తే సగం పైకి చిమ్మి ఇంటి కప్పుకు తగులుతుంది. అనకాపల్లి బెల్లం పాకం పట్టి, వడకట్టి, చల్లార్చి పక్కన పెట్టుకోండి. గ్లాసులో ముందు రెండు చెంచాల పాకం, కాస్త మిరియాల పొడి వేసి, గ్లాసును వాల్చి పట్టుకుని సోడాను అంచు వెంట నెమ్మదిగా పోయండి; సోడా పోశాక పాకం వేస్తే ఒక్కసారిగా పొంగి చేతుల మీదికి వస్తుంది. మొదటి గ్లాసు అమ్మగారికి ఇవ్వండి.